ఇండెంటు లేని కొనుగోలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అంటే మనకు ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. 1982లో ఈ తేదీనే నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. పింఛను దయాధర్మం కింద పడేసే సొమ్ము కాదని, చేసిన సేవకు దక్కిన హక్కని తేలింది. ఏటా ఈ వేదిక మీద మనం కరువు భృతి గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి, పి.ఆర్.సి. గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పక్కకు పిలిచి, "మాస్టారూ, మీరు మనవరాలికి ల్యాప్‌టాప్ కొన్న సంగతి చెప్పండి. మనవాళ్ళలో సగంమంది ఇప్పుడు అదే పని మీద తిరుగుతున్నారు" అన్నారు.

నేను ఇంజనీరును కాను. 1975లో గుమాస్తాగా చేరాను. 2010లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయాను. టైపు లోయరు, హయ్యరు ప్యాసయ్యాను. స్టెన్సిల్ కోశాను, కార్బన్ కాగితాలు పెట్టి ఆరేసి కాపీలు కొట్టాను. కంప్యూటరు మా సెక్షనులోకి వచ్చేసరికి నాకు జుట్టు నెరిసింది. కనుక ఈ విషయంలో నాకున్న అర్హత ఒక్కటే. ఒకసారి తప్పుగా కొన్నాను. రెండోసారి కొనేముందు నేర్చుకున్నాను. ఆ తప్పు ఏమిటో ముందు చెబుతాను. అది చెప్పకపోతే మిగతాదంతా సేల్స్‌మన్ మాటల్లా ఉంటుంది.

మొదటి కొనుగోలు

2021 జూన్. కరోనా రోజులు. బడులు మూసేసి పాఠాలు ఫోనులోకి వచ్చాయి. మా మనవరాలు అప్పుడే ఆరో తరగతిలోకి వచ్చింది. వాళ్ళమ్మ ఫోనుకి చెవి ఆనించి, కళ్ళు చికిలించి లెక్కలు రాసుకునేది. చూడలేక నేనే బజారుకి వెళ్ళాను. కొట్టులో అబ్బాయి ఒక చిన్న ల్యాప్‌టాప్ చూపించి, "పిల్లలకి ఇది చాలండి, ఇంతకన్నా ఎందుకండి" అన్నాడు. తేలికగా ఉంది, మెరుస్తోంది, 22 వేలు. ధర చూశాను, బరువు చూశాను, రంగు చూశాను. బిల్లు కట్టి తెచ్చేశాను. దానితో ఏం చేసుకుంటావమ్మా అని ఆ పిల్లను ఒక్క మాట అడగలేదు.

ఆఫీసులో పది రూపాయల గుండుసూదుల డబ్బా కొనాలన్నా ఇండెంటు లేకుండా ఫైలు కదిలేది కాదు. ఎవరికి కావాలి, ఎన్ని కావాలి, ఎందుకు కావాలి అని రాయించుకున్నాకే కొటేషన్లు పిలిచేవాళ్ళం. ముప్పై అయిదేళ్ళు ఆ పని చేసినవాణ్ణి, సొంత ఇంట్లో ఇండెంటు లేకుండా కొన్నాను.

ఆ యంత్రంలో ర్యామ్ 4 జీబీ. దాచుకునే జాగా 64 జీబీ, అదీ ఇ.ఎం.ఎం.సి. అనే రకం. ఆ మాటలకు అర్థం నాకు అప్పుడు తెలియదు. ఆరు నెలలు బాగానే నడిచింది. ఆ తరువాత తెరిస్తే పొయ్యి రాజుకున్నంత సేపు పట్టేది. విండోస్ తనకు తానే చాలా జాగా తీసుకుంటుంది, పైగా అప్‌డేట్లకు మరికొంత కావాలి. జాగా లేదని రోజూ ఒక హెచ్చరిక.

ఇక్కడ నా భార్య సంగతి చెప్పాలి. ఆవిడది కోనసీమ. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పాటలు ఆవిడకు వచ్చు. మంగళహారతులు, అప్పగింతల పాటలు, ఊయల పాటలు. వాటిలో కొన్ని నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. 2022 వేసవి సెలవుల్లో మనవరాలు నానమ్మను వరండాలో కూర్చోబెట్టి పదకొండు పాటలు ఫోనులో రికార్డు చేసింది. ఒక్కో పాటకి బొమ్మలు వేసి, బొమ్మలు కదిలేట్టు చేస్తానని చెప్పేది. మేం నవ్వేవాళ్ళం. కొన్నాళ్ళకి ఫోనులో జాగా అయిపోయింది. "అవన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించేసి ఫోనులోంచి తీసెయ్యమ్మా" అన్నది నేనే.

2023 కార్తీకంలో మా ఆవిడ కాలం చేసింది. 2024లో ఒక రోజు ఉదయం ఆ ల్యాప్‌టాప్ తెరుచుకోలేదు. బాగుచేసే కొట్టుకి పట్టుకెళ్ళాను. ఆ అబ్బాయి విప్పి చూసి, "లోపల డిస్కు విడిగా లేదండి, బోర్డుకే అతికించేశారు. బోర్డు పోయింది. తీసి ఇంకో దాంట్లో పెట్టి చదివే వీలు లేదండి" అన్నాడు. ఇంకో రెండు చోట్ల చూపించినా అదే మాట.

పదకొండు పాటల్లో నాలుగు మిగిలాయి. ఆ నాలుగూ ఎప్పుడో విశాఖపట్నంలో ఉన్న వాళ్ళ అత్తకి, అంటే మా అమ్మాయికి, ఫోనులో పంపింది గనుక మిగిలాయి. ఏడు పోయాయి. మనవరాలు నన్ను ఏమీ అనలేదు. "నువ్వు కావాలని చేశావా ఏంటి తాతయ్యా" అంది. అనకపోవడమే నాకు బరువైంది.

ఇండెంటు

2010లో నేను కమ్యూట్ చేసిన పింఛను భాగం, పదిహేనేళ్ళు పూర్తయి, 2025లో తిరిగి కలిసింది. ఈ ముచ్చట మీలో చాలామందికి అనుభవమే. ఆ పెరిగిన సొమ్ముకు దాచుకున్నది కొంత కలిపి మళ్ళీ కొందామనుకున్నాను. మా అబ్బాయి ఒప్పుకోలేదు. "పదో తరగతిలోకి వస్తోంది నాన్నగారూ. చదువుకి ఫోను చాలు. ల్యాప్‌టాప్ ఇస్తే బొమ్మల్లో పడుతుంది" అన్నాడు. వాడి భయం నాకు అర్థం కాకపోలేదు. వాడు తొమ్మిదో తరగతిలో ఉండగా వాడి బొమ్మల నోటుపుస్తకం లాక్కుని బీరువాలో పెట్టినవాణ్ణి నేనే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది, ఇద్దరం ఎత్తలేదు.

ఆ సాయంత్రం తెల్ల కాగితం తీసి నిలువుగా గీత గీశాను. ఎడమ పక్క బడి పని, కుడి పక్క తన పని. ముగ్గురం కూర్చుని నింపాం.

బడి పక్క ఏం తేలాయి? పాఠ్యపుస్తకాలు చదవడం. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు ఉచితంగానే దింపుకోవచ్చు. ప్రాజెక్టు రిపోర్టులు రాయడం, స్లైడ్లు తయారుచేయడం, వీడియో పాఠాలు చూడడం. సి.బి.ఎస్.ఇ. బడుల్లో తొమ్మిది, పది తరగతులకు ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్సు స్కిల్ సబ్జెక్టులుగా ఉన్నాయి. పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్సులో పైథాన్ భాష ఉంది. ఈ పనులేవీ బరువైనవి కావు. ఓ మోస్తరు యంత్రం చాలు.

కుడి పక్క తేలినవి వేరు. బొమ్మలు వేయడం, బొమ్మను కదిలించడం, పాటలోని గాలి హోరు తగ్గించి శుభ్రం చేయడం, రెండూ కలిపి వీడియో చేయడం, తెలుగులో రాయడం. యంత్రం ఎంత గట్టిదై ఉండాలో తేల్చేది ఈ కుడి పక్కే. మనం సాధారణంగా ఎడమ పక్క మాత్రమే చూసి కొంటాం. పిల్లవాడు కథలు రాస్తాడా, ఫోటోలు తీస్తాడా, పాటలు కడతాడా, ఆటల ప్రోగ్రాములు రాస్తాడా అనేది అడగం. రాసే పిల్లకు మంచి కీబోర్డు ముఖ్యం. బొమ్మలు వేసే పిల్లకు మంచి తెర ముఖ్యం. వీడియోలు చేసేవాడికి ర్యామ్, జాగా ముఖ్యం. అందరికీ ఒకే యంత్రం అని చెప్పేవాడు కొట్టువాడు ఒక్కడే.

స్పెసిఫికేషన్లు

ఇప్పుడు భాగాల సంగతి మన ఆఫీసు భాషలో చెబుతాను.

ప్రాసెసరు అంటే పని చేసే గుమాస్తా. ఇంటెల్ వారివి, ఏ.ఎమ్.డి. వారివి ఎక్కువగా దొరుకుతాయి. స్టిక్కరు మీద ఐ3, ఐ5 అని చూసి మోసపోకండి. అది హోదా మాత్రమే. ఏ బ్యాచి అన్నది దాని పక్క అంకెలు చెబుతాయి. ఐ5-1235యు అంటే మొదటి రెండంకెలను బట్టి పన్నెండో తరం. ఎనిమిదో తరం ఐ5 కన్నా పన్నెండో తరం ఐ3 చురుకుగా పనిచేసే సందర్భాలు ఉన్నాయి. 2023 చివరి నుంచి ఇంటెల్ వారు ఆ 'ఐ' అక్షరం తీసేసి కోర్ 5 అని, కోర్ అల్ట్రా అని పేర్లు మార్చారు. ఏ.ఎమ్.డి. రైజెన్‌లో కూడా పెద్ద నంబరు కింద పాత సరుకు ఉండవచ్చు. రైజెన్ 5 7520యు అని ఒకటుంది. ఏడువేల నంబరు చూసి కొత్తదనుకుంటాం. మూడో అంకె 2 అంటే లోపల ఉన్నది పాత జెన్ 2 అమరిక. కనుక నంబరు పూర్తిగా కాగితం మీద రాయించుకుని, ఇంటికి వచ్చి, తెలిసినవారిని అడిగాకే డబ్బు కట్టండి.

ర్యామ్ అంటే గుమాస్తా ముందున్న బల్ల. ఒకేసారి ఎన్ని ఫైళ్ళు తెరిచి పెట్టుకోగలడో అది. ఎస్.ఎస్.డి. అంటే గోడకున్న బీరువా. సాయంత్రం ఫైళ్ళు దాచేది అందులో. బీరువా ఎంత పెద్దదైనా బల్ల చిన్నదైతే పని సాగదు. విండోస్ 11కి కంపెనీ వారు చెప్పిన కనీస ర్యామ్ 4 జీబీ. కనీసం అంటే తెరుచుకోవడానికి సరిపడేది, పనికి సరిపడేది కాదు. బడి పనికి 8 జీబీ ఉండాలి. బొమ్మలు, వీడియోలు ఉంటే 16 జీబీ సుఖం. ఇక్కడ ఒక ప్రశ్న తప్పక వేయండి. తరువాత ర్యామ్ పెంచుకోవడానికి ఖాళీ స్లాటు ఉందా, లేక బోర్డుకే అతికించేశారా? స్లాటు ఉంటే ఈరోజు 8తో కొని, రెండేళ్ళ తరువాత పెంచుకోవచ్చు. లేకపోతే కొన్నదే శాశ్వతం.

బీరువా విషయంలో ఎస్.ఎస్.డి. అన్న మాట ఉండాలి, 512 జీబీ ఉంటే చాలు. నా మొదటి యంత్రంలోలా ఇ.ఎం.ఎం.సి. 64 అని ఉంటే చేయి వెనక్కి తీసుకోండి. ఎస్.ఎస్.డి. చాలా ల్యాప్‌టాప్‌లలో విడి ముక్కగా ఉంటుంది. యంత్రం పాడైనా దాన్ని ఊడదీసి, ఇంకో దాంట్లో పెట్టి చదివే అవకాశం మిగులుతుంది. ఆ అవకాశం విలువ నాకు ఏడు పాటలు.

తెర. 1920 బై 1080 అని ఉండాలి, ఐ.పి.ఎస్. అని ఉండాలి. బొమ్మల పిల్లకైతే ఇంకొకటి చూడాలి. స్పెసిఫికేషన్లలో 45 శాతం ఎన్.టి.ఎస్.సి. అని ఉంటే రంగులు వెలిసినట్టుంటాయి. 100 శాతం ఎస్.ఆర్.జి.బి. అని ఉంటే రంగు రంగులా కనిపిస్తుంది. ఈ మాటలు గుర్తుండకపోతే మేం చేసిన పరీక్ష చేయండి. మా ఆవిడ ఉప్పాడ చీర ఒకటి వంకాయ రంగుది ఉంది. మనవరాలు దాన్ని ఫోటో తీసి పెన్‌డ్రైవులో వేసుకుంది. మూడు కొట్లలో ఆ ఫోటో తెరిపించాం. చీర కూడా సంచిలో పట్టుకెళ్ళాం. ఒక తెర మీద ఆ చీర బూడిద రంగులోకి పోయింది. కొట్టువాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు, చూడనివ్వండి.

గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగు ల్యాప్‌టాప్ కొనమని చాలామంది చెబుతారు. త్రీడీ బొమ్మలు, పెద్ద వీడియోలు చేసే పిల్లలకు అది పనికొస్తుంది. మామూలు బొమ్మలకు, చదువుకు అక్కరలేదు. బరువు రెండున్నర కిలోల దాకా ఉంటుంది, బ్యాటరీ త్వరగా ఖర్చవుతుంది. పుస్తకాల సంచి మోసే వీపు మీద ఇంకో కిలో ఎందుకు?

బొమ్మలకు అసలైన ఖర్చు వేరే చోట ఉంది. మౌసుతో బొమ్మ వేయడమంటే ఇటుకతో ముగ్గు వేయడం. పెన్ టాబ్లెట్ అని ఒక పలక దొరుకుతుంది. దాని మీద కలంతో గీస్తే తెర మీద గీత వస్తుంది. గట్టిగా నొక్కితే లావు, తేలిగ్గా నొక్కితే సన్నం. మేం కొన్నది మూడు వేల రూపాయల లోపే. టచ్ తెర ఉన్న ఖరీదైన ల్యాప్‌టాప్ కన్నా, మంచి తెర ఉన్న మామూలు ల్యాప్‌టాప్, పక్కన ఈ పలక మాకు నయమనిపించింది.

ప్రోగ్రాములకు డబ్బు పోయనక్కరలేదు. బొమ్మలు వేయడానికి, కదిలించడానికి క్రిటా ఉంది. ఫోటోలకు గింప్, శబ్దానికి ఆడాసిటీ, త్రీడీకి బ్లెండర్, ఆఫీసు పనికి లిబ్రె ఆఫీస్, చిన్నపిల్లల ప్రోగ్రామింగుకు స్క్రాచ్. ఇవన్నీ ఉచితం, చట్టబద్ధం. ఎవరో కుర్రాడు దొంగ కాపీ ఎక్కిస్తానంటే వద్దనండి. వైరసులు ఆ దారినే వస్తాయి.

తెలుగు సంగతి. మనలో కొందరు డి.టి.పి. సెంటర్లలో పాత ఫాంట్లతో కొట్టించిన కాగితాలు ఇంట్లో కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. ఆ అక్షరాలకు ఒక్కో సంస్థ ఒక్కో లెక్క పెట్టుకోవడమే కారణం. 1991లో వచ్చిన యూనికోడ్‌లో ప్రపంచ భాషల అక్షరాలకు ఒకే లెక్క పెట్టారు, తెలుగు కూడా మొదటి నుంచీ ఉంది. పిల్లలను యూనికోడ్‌లోనే టైపు చేయమనండి. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వెంటే వస్తుంది. 2001 నాటి ఎక్స్.పి. నుంచీ విండోస్‌లో మన గోదావరి పాయ పేరుతో 'గౌతమి' అని ఒక తెలుగు ఫాంటు ఉంది. గిడుగు, గురజాడ, మండలి, సూరన్న, పెద్దన పేర్లతో ఉచితంగా దొరికే ఫాంట్లూ ఉన్నాయి. గిడుగు ఎవరు, సూరన్న ఎవరు అని మనవరాలు అడిగింది. చెప్పడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ల్యాప్‌టాప్ వల్ల నాకు కలిగిన మొదటి లాభం అదే.

కొటేషన్లు

మూడు కొట్లలో మూడు కొటేషన్లు తెచ్చి, పాత అలవాటు ప్రకారం కంపారిటివ్ స్టేట్‌మెంటు వేశాను. ధరలు 2025 మే నాటివి. ధరలు నెలకో తీరుగా ఉంటాయి గనుక అంకెలను కాక పద్ధతిని చూడండి.

మొదటిది 38 వేలు. ర్యామ్ 8 జీబీ, స్లాటు లేదు, తెర వెలిసిన రకం. రెండోది 68 వేలు. గ్రాఫిక్స్ కార్డు ఉంది, బరువు 2.3 కిలోలు. మూడోది 57 వేలు. ర్యామ్ 16 జీబీ, ఎస్.ఎస్.డి. 512 జీబీ, 14 అంగుళాల తెర, చీర రంగు చీర రంగులాగే ఉంది, బరువు కిలోన్నర లోపు.

ఆడిటు వారు వస్తే తక్కువ కొటేషన్ ఎందుకు వదిలేశారని అబ్జెక్షను రాస్తారు. జవాబు మన ఇండెంటులోనే ఉంటుంది. కుడి పక్క రాసిన పనులు మొదటి యంత్రం చేయలేదు. రెండోది మాకు అక్కరలేనివి కూడా చేస్తుంది. మూడోది కొన్నాం. నా 22 వేల యంత్రం మూడేళ్ళకే పోయింది, దాంతో పాటు డబ్బు పెట్టి కొనలేనివీ పోయాయి. చవక లెక్క కట్టేటప్పుడు ఎన్నేళ్ళకు చవక అనేది కూడా కట్టాలి.

57 వేలు మన అందరికీ సాధ్యం కాదని నాకు తెలుసు. ఫ్యామిలీ పింఛను మీద నడిచే ఇళ్ళు మన సంఘంలోనే ఎన్నో ఉన్నాయి. అటువంటివారు 8 జీబీ ర్యామ్‌తో, ఖాళీ స్లాటు ఉన్నది చూడండి. లేదా ఆఫీసుల్లో వాడి, బాగుచేసి అమ్మే రిఫర్బిష్డ్ యంత్రాలు చూడండి. వాటిలో మూడు జాగ్రత్తలు. ఒకటి, విండోస్ 11 పట్టేదే కొనాలి. విండోస్ 10కి కంపెనీ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం, ఆ పై తరాలవే విండోస్ 11 జాబితాలో ఉన్నాయి. రెండు, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో కొట్టులోనే కూర్చుని చూడాలి. మూడు, రాతపూర్వకంగా వారంటీ ఉండాలి. లినక్స్ ఎక్కించుకుంటే పాత యంత్రాలు కూడా చదువుకు బాగా పనికొస్తాయి. క్రోమ్‌బుక్ అని చవకగా దొరికేవి ఇంటర్నెట్టు మీద చేసే బడి పనికి సరిపోతాయి గానీ, పిల్లకు కావలసిన ప్రోగ్రాము దాంట్లో నడుస్తుందో లేదో ముందే చూసుకోవాలి. డాస్ అని రాసి తక్కువకు అమ్మేవాటిలో విండోస్ ఉండదు, ఆ ఖర్చు వేరే.

బిల్లు మీద జి.ఎస్.టి. నంబరు, యంత్రం సీరియల్ నంబరు ఉండేలా చూడండి. ల్యాప్‌టాప్‌లకు జి.ఎస్.టి. 18 శాతం. అది చెప్పిన ధరలో కలిసిందో, విడిగా వేస్తారో ముందే అడగండి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తానన్న చోట వారంటీ కూడా తగ్గిపోతుంది. సర్వీసు సెంటరు మన ఊళ్ళో ఉందో లేదో కనుక్కోండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఆన్‌లైనులో డబ్బు మోసం జరిగితే 1930కి వెంటనే ఫోను చేయాలి. ఈ రెండు నంబర్లూ పిల్లల కోసమే కాదు, మనకోసం కూడా గోడ మీద రాసి పెట్టుకోవలసినవి.

స్టాకు రిజిస్టరు

కొన్నాక పని అయిపోలేదు. ల్యాప్‌టాప్ హాల్లో బల్ల మీదే ఉండాలని, రాత్రి పది తరువాత మూత వేయాలని ముగ్గురం కలిసి రాసుకున్నాం. పెద్దవాళ్ళు శాసించి పెడితే పిల్లలు సందు వెతుకుతారు. పిల్ల చేత రాయిస్తే తన మాట తనే నిలబెట్టుకుంటుంది. పరీక్షల ముందు నెల రోజులు కుడి పక్క పని ఆదివారాలకే అని రాసింది కూడా తనే. నా సలహా కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది కాపీ. కార్బన్ కాపీ లేకుండా కాగితం బయటికి పంపనివాళ్ళం మనం. పిల్లల ఫైళ్ళకు మాత్రం ఒకే కాపీ చాలనుకుంటాం. ఇప్పుడు మా ఇంట్లో ప్రతి ఫైలూ మూడు చోట్ల ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ఒకటి, బీరువాలో ఉండే విడి హార్డుడిస్కులో ఒకటి, ఇంటర్నెట్టు మీద ఖాతాలో ఒకటి. నెలలో రెండో ఆదివారం నేను ఫిజికల్ వెరిఫికేషను చేస్తాను. రిజిస్టరు దగ్గర పెట్టుకుని, హార్డుడిస్కు తగిలించి, నాలుగు పాటలూ మొదటి నుంచి చివరి దాకా వింటాను. "పేరు చూస్తే చాలు కదా తాతయ్యా, మొత్తం వినాలా" అంటుంది మనవరాలు. పేరు ఉన్నంత మాత్రాన ఫైలు లోపల కాగితాలున్నాయని నమ్మకూడదమ్మా అంటాను. అది సగమే నిజం.

మన మిత్రులొకరు, "బాపుగారు కంప్యూటరు పెట్టుకునే బొమ్మలు నేర్చుకున్నారా?" అని అడిగారు. నేర్చుకోలేదు. మనవరాలు ఇప్పటికీ ముందు పెన్సిలుతో నోటుపుస్తకంలోనే వేస్తుంది. యంత్రం చెయ్యి తిప్పడం నేర్పదు. తిరిగిన చేతి వెనక నానమ్మ గొంతు వినిపించేలా చేయడానికి మాత్రం అది కావాలి.

చివరగా ఒక్క మాట చెప్పి సెలవు తీసుకుంటాను. 2025 కార్తీకంలో మా ఆవిడ ఆబ్దికం నాడు, భోజనాలయ్యాక, మనవరాలు ల్యాప్‌టాప్ తెచ్చి అందరి ముందు పెట్టింది. మిగిలిన నాలుగు పాటల్లో ఊయల పాటకు మూడు నిమిషాల బొమ్మలు కట్టింది. తాటాకు పందిరి, ఉయ్యాల, కాలువ గట్టు, వంకాయ రంగు చీర. మా అబ్బాయి చివరి దాకా కదలకుండా చూశాడు. ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్ళి, బీరువాలోంచి వాడి తొమ్మిదో తరగతి నోటుపుస్తకం తెచ్చి కూతురి పక్కన పెట్టాడు. అది ఇంకా అక్కడే ఉందని వాడికి తెలుసని నాకు తెలియదు.

అమలాపురం నుంచి వచ్చిన మా మరదలు ఆ పాట రెండోసారి పెట్టించుకుంది. "అక్క ఈ మాట దగ్గర సాగదీసేదే, ఆ రోజు ఊపిరి అందలేదేమో" అంటూ తను పాడి చూపించింది. పాడుతూ పాడుతూ ఇంకో పాటలోకి వెళ్ళింది. అది పోయిన ఏడింటిలో ఒకటి. ఆ రాత్రి రెండు దొరికాయి. గొంతు వేరు, పాట అదే. ఇంకా అయిదు ఉన్నాయి.

కనుక సోదర పెన్షనర్లకు నా మనవి రెండు. పిల్లలకు ఏదైనా కొనేముందు వాళ్ళ చేత ఇండెంటు రాయించండి, రెండు పక్కలా రాయించండి. మీ ఇళ్ళలో పాటలు వచ్చిన పెద్దవాళ్ళు ఉంటే, ఏ ఫోను ఉంటే ఆ ఫోనుతోనే ఈ ఆదివారమే పాడించి దాచండి. ల్యాప్‌టాప్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. కోనసీమ వైపు అప్పగింతల పాటలు వచ్చినవారు ఈ సభలో ఎవరైనా ఉంటే, సభ అయ్యాక దయచేసి నన్ను కలవండి. మా మనవరాలు వెనక వరుసలో హార్డుడిస్కు పట్టుకుని కూర్చుంది.